ఒక్‌బున్ నడుము

ఒక్‌బున్ ఇల్లూ మా ఇల్లూ గోడకు గోడ. సోక్చో రేవులో ఇద్దరం కలిసి చేపలు చీల్చి ఎండబెట్టేవాళ్లం. ఆమె భర్త దాల్సూకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పటినుంచి, పొద్దున్నే అతన్ని పరుపు మీదనుంచి చక్రాల కుర్చీలోకి ఎత్తేది ఆమే.

ఒకరోజు గోడ అవతలినుంచి "అమ్మో!" అని కేక వినిపించి పరుగెత్తాను. ఒక్‌బున్ నేలమీద కూలబడి, వంగింది వంగినట్టే ఉండిపోయింది. భర్తను మాత్రం కింద పడనివ్వలేదు. అతని తల ఆమె ఒళ్లో ఉంది.

"పక్కకి తిప్పేసరికి నడుం కలుక్కుమందక్కా. ఊపిరి తీసినా పట్టేస్తోంది."

దాల్సూ వంకరపోయిన మూతితోనే, "ఇద్దరం పడకేస్తే జావ ఎవరు కాస్తారే?" అన్నాడు.

నేనే ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వెన్నుకు ఒకపక్క కండ రాయిలా బిగుసుకుపోయి ఉంది. డాక్టరు అక్కడ వేలు పెట్టగానే కెవ్వుమంది.

"నొప్పి కాల్లోకి పాకుతోందా? తిమ్మిర్లున్నాయా? ఒంటికి, రెంటికి తెలియకుండా పోతోందా?"

"అవేం లేవు. వంగినా, లేచినా ప్రాణం పోతోందంతే."

"అయితే నరం కాదమ్మా, కండరం బెణికింది. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అలాగని మంచానికి అతుక్కోకు, మెల్లగా నడుస్తుండు. బరువులు మాత్రం ఎత్తొద్దు."

"మా ఆయన్ని?"

"ఆయన్ని అసలే ఎత్తొద్దు."

ఆ సాయంత్రం దాల్సూయే తనను రోగుల్ని చూసుకునే ఆశ్రమంలో చేర్పించమన్నాడు. ఆమె ససేమిరా అంది.

"మొండికెయ్యకే. నువ్వు పూర్తిగా కూలబడితే నాకు దిక్కెవరు? బాగయ్యాక వచ్చి తీసుకుపో," అన్నాడు.

చివరికి ఒప్పుకుని చేర్పించింది. రోజూ గోడ పట్టుకుని బస్సుదాకా నడిచి వెళ్లి అతన్ని చూసొచ్చేది. నడుము కొద్దికొద్దిగా సర్దుకుంటోంది. "ఇవాళ మెట్లు దిగానయ్యా," అంటే, "ఇంకేం, నా పరుపు దులిపి ఉంచు," అనేవాడు.

ఇంతలో అతనికి జ్వరం తగిలింది. నిమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఇంటికి తెచ్చుకునే లోపే పోయాడు.

కర్మల నాడు ఒక్‌బున్ అతని ఫొటో ముందు మోకాళ్లమీద కూర్చుని, నుదురు నేలకానించి మొక్కింది. పట్టుకుందామని పక్కనే నిలబడ్డాను. ఆ అవసరం రాలేదు. తనంతట తనే లేచి నా చెయ్యి పట్టుకుంది.

"నొప్పి లేదక్కా," అంది. "ఇసుమంత కూడా లేదు."

అప్పటిదాకా ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది.