బాలప్ప మామ నడుము మీద నా కాలు

బాలప్ప మామ నడుము మీద కుడికాలు మోపి నిలబడి ఉన్నాను. గోడ అవతలి నుంచి పక్కింటి కౌసల్యమ్మ కేకేసింది. "యాదగిరి పెండ్లామా, మా ఇంటికి నీకు ఫోనొచ్చింది, పట్నం నుంచి. నిన్ను తీసుకున్నరట. రేపే రమ్మన్నరు."

కాలు తీయడం మరచిపోయాను.

"జెర కాలు తియ్యి బిడ్డా, పానం పోతాంది" అన్నాడు కింద నుంచి బాలప్ప మామ.

నేను ఎదురుకాళ్లతో, తల కంటే ముందు కాళ్లు బయటికొచ్చి పుట్టానట. అలాంటివాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుము విడుస్తుందని కర్దనూర్‌లో నమ్మకం. కాపురానికి దిగబెట్టడానికొచ్చి మా అమ్మ ఆ మాట నోరుజారింది. అంతే, నాట్లేసి వచ్చినవాళ్లు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో డ్రమ్ములు ఎత్తేవాళ్లు మా అరుగు మీద వరుస కట్టారు. చాయ్ పెట్టేది నేను, కాలు పెట్టేది నేను, "మా కోడలి కాలు సల్లటిది" అని మురిసేది అత్తమ్మ. నేను చదివిన ఫిజియోథెరపీ గురించి ఎవరూ అడగలేదు. కొత్త కాపురం సంబరంలో నాకూ నవ్వులాటగానే ఉండేది. యాదగిరి షిఫ్టు దిగొచ్చి నా పాదానికి దండం పెట్టేవాడు. ఆ నవ్వులో ఇంకో నెల గడిస్తే నా చేతులు చదివిందంతా మరచిపోతాయని ఒక్కోసారి భయమేసేది.

నాలుగున్నరేళ్ల డిగ్రీతో ఆటగాళ్లకు వైద్యం చేయడం రాదు. మైదానంలో సీనియర్ల పక్కన ఏడాది నిలబడాలి. మడమకు పట్టీ ఎలా చుట్టాలో, ఎవరిని మళ్లీ ఆడనివ్వాలో, ఏడ్చినా సరే ఎవరిని కూర్చోబెట్టాలో అక్కడే నేర్చుకోవాలి. పట్నంలో నన్ను తీసుకున్నది ఆ శిక్షణకే.

అత్తమ్మ చాట కింద పెట్టింది. "పరాయి మొగోళ్ల కాళ్లు పట్టుకునే కొలువా? నలుగురు ఏమనుకుంటరు?"

"పరాయి మొగోళ్ల నడుములు తొక్కమన్నది మీరే గదా, అత్తమ్మా. అప్పుడేమనుకున్నరు ఆ నలుగురు?"

"ఆ నలుగురిల నేనొకణ్ణి, దేవమ్మా" అన్నాడు అత్తమ్మతో బాలప్ప మామ, బోర్లా పడుకునే. "నేనేం అనుకోలె. నడుమైతే తగ్గలె."

అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచడానికో, కోపం దాచడానికో తెలియలేదు.

నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆయన్ని వెల్లకిలా తిప్పి, కాలు మెల్లగా పైకెత్తి ఎక్కడ లాగుతోందో అడిగాను. ఇన్నాళ్లకు నా చేతులు ఈ ఇంట్లో వాటి పని అవి చేశాయి. ఒళ్లంతా గంతులేయాలనిపించింది.

నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్న యాదగిరి నెమ్మదిగా అడిగాడు. "మరి పొద్దుగాల నా అన్నం డబ్బా?"

"రేపటిసంది రెండు డబ్బాలు" అన్నాను. "అన్నం నువ్వు వండు, కూర నేను చేస్త. నీ కంపెనీ బస్సు కంటే ముందే నా పట్నం బస్సుంది, జల్దీ లేవాలె."