గాలి చప్పుడు, కొంగ అరుపు

ఫెయ్ నది ఒడ్డున, జిన్ సైన్యంతో యుద్ధంలో, ఎవరో "ఓడిపోయాం!" అని అరిచారు. అంతే, లక్షల మంది ఉన్న చిన్ సైన్యం చెల్లాచెదురైంది. కాస్త వెనక్కి జరగమన్నదే ఆజ్ఞ. ఆ సంగతి చిన్ సైనికుడు పెయి దూన్‌కు తెలియదు. ఈటె పారేసి, మడమ తెగిన గువాన్‌ను వీపున ఎక్కించుకుని ఉత్తరం వైపు పరుగెత్తాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, పక్కపక్క ఇళ్ళు.

మర్నాడు సాయంత్రం రెల్లు దుబ్బుల్లో ఆగారు. తిండి లేదు, చలి కొరికేస్తోంది. ఉన్నట్టుండి గాలి లేచి రెల్లంతా గరగరలాడింది. వెంటనే బూరలు ఊదినట్టు అరుపులు.

"వచ్చేశారన్నా! జిన్ వాళ్ళు!"

"ఆగరా, సరిగ్గా విను..." అంటూ గువాన్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

దూన్ ఆ చెయ్యి విదిలించుకుని పారిపోయాడు.

తెల్లారి మిట్ట ఎక్కి చూస్తే మడుగు నిండా కొంగలు. సైనికుడన్నవాడు ఒక్కడూ లేడు. కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వెళ్ళాడు. గువాన్ అక్కడే రెల్లు కప్పుకుని కూర్చున్నాడు. పెదాలు నల్లబడ్డాయి.

"కొంగల్రా పిచ్చోడా! చెబుదామంటే ఆగితేగా. పద, ఆకలేస్తోంది."

తిట్టినా బాగుండేది. దారంతా దూన్ తల వంచుకునే అతన్ని మోశాడు.

ఊరు చేరాక గువాన్ సారా కొట్లో ఈ కథ చెప్పేవాడు. "మావాడొకడు" అనేవాడే తప్ప పేరెత్తేవాడు కాదు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవారు. అలాంటి కథలే తిరిగొచ్చిన ప్రతివాడి దగ్గరా ఉన్నాయి. కొన్నాళ్ళకు, ఎవరైనా కుండ పగిలిన చప్పుడుకు ఉలిక్కిపడితే చాలు, "ఏం బాబూ, గాలి చప్పుడా, కొంగ అరుపా?" అని ఆటపట్టించసాగారు. ఉత్తుత్తి భయానికి అదే పేరైపోయింది. దూన్ కూడా నవ్వేవాడు, అందరికన్నా కాస్త ఆలస్యంగా. కథ చెబుతున్నంతసేపూ గువాన్ తనవైపు చూడకుండా జాగ్రత్తపడటం అతనికి తెలిసేది. అదే భరించలేకపోయాడు. కొట్టుకు వెళ్ళడం మానేశాడు.

ఓ మధ్యాహ్నం గువాన్ కుంటుకుంటూ వచ్చి తలుపు తట్టాడు.

"దూన్! ఒరే దూన్! నువ్వు లేక కొట్లో ఏం తోచట్లేదురా."

దూన్ లోపల గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టాడు.

"ఆ కథ ఇంక చెప్పన్లే. రారా."

తలుపు తియ్యడానికి రెండడుగులు వేస్తే చాలు. కాళ్ళు కదల్లేదు. గువాన్ కాసేపు నిలబడి, దగ్గి, వెళ్ళిపోయాడు. అతను సందు మలుపు తిరిగాక దూన్ తలుపు తీశాడు. బయట ఎండ తప్ప ఏమీ లేదు.