ఆ పైపులు చేసిన చేతులు

ఆర్విడ్ బురద చొక్కాలు తెచ్చి బట్టలుతికే మిషన్ మీద పడేశాడు. అక్కడ పాత తువ్వాలు పరిచి పొగ తాగే మట్టి పైపులు తొమ్మిది ఆరబెట్టుకున్నాను. రెండింటి కాడలు పుటుక్కున విరిగాయి. "బట్టల గదిలో బట్టలుండాలి గానీ మట్టేంటి?" అన్నాడు నా మొగుడు. విరిగిన ముక్కల్ని నీళ్ళ డబ్బాలో నానేసి, చొక్కాలు మిషన్‌లో వేశాను.

అప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్ళు. బడి వంటగదిలో మూడు వందల మంది పిల్లలకి వండి వార్చి, మూడింటికి ఇల్లు చేరి, మళ్ళీ ఇంట్లో పొయ్యి వెలిగించే లోపు ఓ గంటన్నర దొరికేది. సుపీరియర్ సరస్సు మీది గాలి కిటికీని కొడుతుంటే, బంకమట్టిని సన్నటి కాడగా చుట్టి, దాని లోపలికి అల్లిక సూది దూర్చేదాన్ని. సూది వెంట్రుకవాసి పక్కకి పోయినా కాడకి చిల్లి పడుతుంది. అది ఎటు పోతోందో కంటికి కనపడదు, వేలికొసలకే తెలియాలి. పొగాకు దట్టించే గిన్నెని బొటనవేలితో నొక్కి తీర్చి, ఒడ్డున ఏరుకొచ్చిన గులకరాయితో నిగనిగలాడేదాకా రుద్దేదాన్ని. నోటికి తగిలే కొసకి మాత్రం గాజుపూత వేసేదాన్ని, లేకపోతే ఉత్త మట్టి పెదవిని పట్టేసుకుంటుంది. బడిలో పిల్లల బొమ్మలు కాల్చే బట్టీలో బొమ్మల టీచరమ్మ నా పైపులకీ చోటిచ్చేది. "నువ్వు పొగ తాగవు కదా ఐలీ, పైపులే ఎందుకు?" అని ఆవిడ ఒకసారి అడిగింది. "కప్పులూ గిన్నెలూ చేస్తే మళ్ళీ కడగాల్సింది నేనే కదా," అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం.

ఓ రోజు ఆర్విడ్ ఒక పైపు తీసుకుని ముట్టించాడు. పదిహేడో ఏట నుంచీ పొగ తాగే మనిషి. రెండు దమ్ములు లాగి, "పొగ చల్లగా వస్తోందే," అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా చేతి పనికి ఆయనిచ్చిన మెప్పు అదొక్కటే. ఆ ఒక్క మాటకే పొంగిపోయి వారం తిరక్కుండా ఇంకోటి చేసిచ్చాను.

నవంబరులో మగవాళ్ళంతా జింకల వేటకని అడవిలో గుడిసె వేసుకుంటారు. వాళ్ళకి మాంసం కూరిన పాస్టీలు పళ్ళెం నిండా కాల్చి పట్టుకెళ్ళాను. తలుపు దగ్గర ఉండగానే లోపల ఆర్విడ్ స్నేహితుడు వైనో గొంతు వినిపించింది. "ఎక్కడ కొన్నావురా ఈ పైపు?"

"కొనడమేంటి! చలికాలం ఖాళీయే కదా, నేనే చేస్తుంటా," అన్నాడు ఆర్విడ్.

"ఈ మొద్దు చేతులతోనా! నాకూ ఒకటి చేసిపెట్టరా బాబూ."

పళ్ళెం వేడి బట్టలోంచి అరచేతుల్ని కాలుస్తోంది. అలాగే నిలబడి, వాళ్ళ మాట వేరే దాని మీదికి మళ్ళాక లోపలికెళ్ళాను. ఆర్విడ్ ఇంటికొచ్చాక అడిగాను. "మా ఆవిడ ఇంట్లో కూచుని బొమ్మలు చేస్తుందని వాళ్ళకి చెప్పుకోనా? అయినా నీదీ నాదీ అంటావేంటి? మనం వేరా?" అన్నాడు. మనం వేరా అంటే ఏ పెళ్ళాం ఔనంటుంది? ఆ తర్వాత పదకొండేళ్ళు వైనోకొకటి, పోస్టాఫీసులో ఇంకొకరికొకటి అని ఆయన చెబుతూనే ఉన్నాడు, నేను చేస్తూనే ఉన్నాను. ఊళ్ళో ఆర్విడ్ పైపులంటే ఒక పేరు.

ఆయన నాలుక పక్కన పుండు లేచింది. మానలేదు. పట్నంలో డాక్టరు పరీక్షలన్నీ చేసి, "పొగ తాగుతారా?" అని అడిగింది.

"పైపు," అన్నాడు. నా వైపు చెయ్యి చూపించి, "మా ఆవిడే చేస్తుంది, మట్టితో," అన్నాడు.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆ మాట ఇంకో మనిషి ముందు అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అర క్షణం నాకు సంతోషమేసింది. తర్వాత డాక్టరు మొహం చూశాను. "దేంతో తాగినా ఒకటేనండీ, ఈ క్యాన్సరుకి కారణం పొగాకు," అంది ఆవిడ. ఆ మాట విన్నది మా ఇద్దరిలో నేనొక్కదాన్నే.

ఆర్విడ్ ఫోన్ చేసి చెప్పినట్టున్నాడు, మా ఆడపడుచు హెల్మీ ఆ సాయంత్రమే వచ్చింది. "మా నాన్న పైపు తాగుతూనే తొంభై ఏళ్ళు బతికాడు ఐలీ. కర్ర పైపు. మా తమ్ముడి నోట్లో మట్టి కొట్టింది నువ్వే."

ఆపరేషన్‌లో సగం నాలుక పోయింది. మాట పోయింది. చిన్న తెల్ల పలక కొనిచ్చాను. ఎనిమిది నెలలు అన్నీ మెత్తగా రుబ్బి, వడకట్టి, చెంచాతో పట్టాను. చెంప పక్కనుంచి కారిపోయేది తుడుస్తుంటే చిన్న పిల్లాడిలా కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు ఆయన మీద జాలి తప్ప మరేమీ ఉండేది కాదు. ఓ మధ్యాహ్నం హెల్మీ మంచం పక్కన కూచుని మళ్ళీ అదే పాట ఎత్తుకుంది. నేను పలక ఆయన చేతికిచ్చాను.

"ఆర్విడ్, పదిహేడో ఏట నుంచీ తాగుతున్నానని మీ అక్కకి రాసి చూపించు. నా పైపులకి ముందు నుంచీ తాగుతున్నానని రాయి. అంతే చాలు."

పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. నేను కాచుకుని నిలబడ్డాను. మెల్లగా రాసి పలక నావైపు తిప్పాడు. సూపు చల్లారింది, అని ఉంది.

వేడి చేసి తెచ్చాను.

ఏప్రిల్లో సరస్సు మీద మంచు విరుగుతున్న రోజుల్లో పోయాడు. పాతిపెట్టి వచ్చాక చర్చి కింది హాల్లో భోజనాలు. అక్కడి కాఫీ యంత్రం మొరాయిస్తే ఎక్కడ తట్టాలో నాకే తెలుసని కాఫీ కూడా నేనే పెట్టాను. నోట్లో పైపుతో ఉన్న ఆర్విడ్ ఫోటో ముందు బల్ల మీద మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ పైపులు పెట్టారు. ఎవరు చెప్పారో, ఎప్పుడు అనుకున్నారో, ఇరవై దాకా ఉన్నాయి. ప్రతి దాన్నీ గుర్తుపట్టాను. ఏది ఏ చలికాలంలో చేశానో, ఏ కాడలో సూది మొరాయించిందో.

హెల్మీ నా చెవి దగ్గరికి వంగింది. "తమ్ముడే చేశాడని వాళ్ళని అనుకోనీ ఐలీ. పోయినవాడి పరువు."

నన్ను తిట్టడానికి అవి నా పైపులు. బల్ల మీద పెట్టడానికి తమ్ముడివి.

వైనో కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇలాంటి పనిమంతుడు మళ్ళీ పుట్టడమ్మా. ఆఖర్న చేసినవి ఒకటో రెండో ఇంట్లో ఉన్నాయా?"

కాఫీ జగ్గు కింద పెట్టాను. నోరు విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. హాల్లో అందరి చూపులూ ఆ పైపుల మీంచి ఆయన ఫోటోలోని నోటి మీదికి, అక్కడి నుంచి నా చేతుల మీదికి వస్తాయి. హెల్మీ మాట రేపటికల్లా ఊరి మాట అవుతుంది. డాక్టరు ఏమందో ఎవరికీ అక్కర్లేదు. ఆ నింద మోయక తప్పదనుకుంటే, పనిని మాత్రం ఇంకొకరికి ఎందుకు వదిలెయ్యాలి?

"అవి ఆర్విడ్ చేసినవి కావు వైనో. నేను చేశాను."

వైనో తన పైపు తీసి, తిప్పి చూసి, నా చేతుల వైపు చూశాడు.

"అన్నీనా?"

"అన్నీ," అన్నాను. "ఆర్విడ్ నోట్లో ఉన్నది కూడా."