రెండు కొలతల పిన్నులు

తాళాల కార్ఖానాలో ఆమెను అందరూ చిన్నక్క అనేవాళ్లు. ఆమె పనిలో చేరడానికి ఐదేళ్ల ముందు నుంచీ తోడబుట్టిన అక్క అక్కడే పనిచేస్తుండడంతో, ఆ అక్క పెద్దక్క అయింది. వయసు నలభై దాటినా ఈమె చిన్నక్కగానే మిగిలిపోయింది. పెద్దక్కది పిన్నుల గది. తాళం లోపల నిలబడి, సరైన చెవి పడితేనే దారిచ్చే ఇత్తడి పిన్నులను పొడవుల వారీగా ఏరి, ఏ తాళంలో ఏవి వేయాలో చీటీ రాసిచ్చే పని. చిన్నక్కది తనిఖీ బల్ల. తయారై వచ్చిన ప్రతి తాళాన్నీ దాని చెవితో మూడుసార్లు తీసి, మూడుసార్లు వేసి, బాగుంటే పెట్టెలోకి, బాగాలేకపోతే బుట్టలోకి.

పదిహేడేళ్లు అలా తీసి వేశాక ఆమెకు ఒక సందేహం పుట్టింది.

"చెవితో తెరుచుకుంటుందో లేదో మనం చూస్తున్నాం. చెవి లేకపోతే తెరుచుకోదని ఎవరు చూస్తున్నారు?" అని పక్కబల్లామెను అడిగింది.

"అది చూసే పని దొంగలది" అని పక్కబల్లామె తన తాళం తాను చూసుకుంది.

చిన్నక్క కూడా నవ్వేసింది. కానీ సందేహం పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇనుము కోసే రంపం బ్లేడు విరిగిన ముక్క ఒకటి దొరికితే, చెవి బదులు తాళంలో దూర్చే సన్నటి పుల్ల చేద్దామని దాన్ని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టింది. మొదటి పుల్ల తాళంలో పెట్టగానే విరిగింది. రెండోది తిరుగుడు రాయి మీద సానబెడితే వేడికి నీలమెక్కి మెత్తబడి, దూర్చగానే గడ్డిపరకలా వంగింది. మూడోదానికి, నాలుగు గీతలకొకసారి నీళ్లలో ముంచాలని తెలిసింది. పాత గొడుగు ఊచను సాగగొట్టి, కొస వంచి, తాళంలో చెవితో పాటు తిరిగే బుర్రను తిప్పి పట్టుకునే మెలిక చేసుకుంది. గరుకు కాగితంతో అంచులు నున్నచేసి, చేత్తో పట్టుకునే వైపు సైకిలు ట్యూబు ముక్క తొడిగింది.

పుస్తకాలకు అట్టలు కట్టే భర్త ఇదంతా తలుపు దగ్గర నిలబడి చూశాడు.

"పెళ్లిచూపుల్లో కుట్లూ అల్లికలూ వచ్చన్నారు. ఇది మాత్రం చెప్పలేదు" అన్నాడు.

"అప్పటికి రాదు. రాని విద్య ఎలా చెబుతారు?"

స్టోరులో అడిగి, బుట్టలో పడ్డ తాళాలు ఇంటికి తెచ్చుకునేది. ఏ తాళం ఎంతసేపట్లో లొంగిందో గోడ క్యాలెండరు వెనక రాసుకునేది. మొదటిది తెరవడానికి మూడు ఆదివారాలు పట్టింది. పుల్ల కొసన పిన్ను కొద్దిగా లేచి, తన చోట కుదురుకున్నప్పుడు, వేలికి మాత్రమే తెలిసే చిన్న తడబాటు ఒకటుంటుంది. దాని కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేది. పదిహేడేళ్లుగా చేత్తో పట్టుకున్న వస్తువును ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుండేది.

అలా ఏడాది గడిచాక కార్ఖానా కొత్తరకం తాళం దించింది. పాతదానికంటే బరువు, మెరుపు, పెట్టె మీద కోటబురుజు బొమ్మ. గీత పడిందని బుట్టలో వేసినదొకటి చిన్నక్క ఇంటికి తెచ్చింది. భర్త మంచినీళ్ల గ్లాసు ఎత్తి దించేలోపు అది తెరుచుకుంది. పొరపాటేమో అనుకుంది. మళ్లీ వేసింది, మళ్లీ తెరుచుకుంది. తర్వాతి వారం ఇంకో నాలుగు తెచ్చింది. నాలుగూ అంతే.

ఒకదాన్ని విప్పి పిన్నులు పాత పేపరు మీద పోసింది. ఐదు పిన్నులు, రెండే పొడవులు. నాలుగైదు పొడవులు ఎగుడుదిగుడుగా ఉంటే కదా తాళం తాళమయ్యేది. ఇవి పళ్లూడిన నోటిలా ఉన్నాయి.

పేపరు అలాగే మడిచి అక్క ఇంటికి వెళ్లింది. పెద్దక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది. పిన్నులు చూసి ఇస్త్రీపెట్టెను పక్కన పెట్టింది కానీ, ఆశ్చర్యపోలేదు.

"తెలుసు" అంది. "ఆర్నెల్లుగా రెండు కొలతలే వస్తున్నాయి. మిగతావి కొనడం మానేశారు. ఉన్నవాటితో సర్దమన్నారు."

"ఎవరన్నారు?"

"మేనేజరు. నోటిమాటే. కాగితం మీద పెట్టమని అడిగితే, నా మీద నమ్మకం లేదా అన్నాడు."

"జనం ఆ తాళం ఇంటికి వేసుకుంటారు కదే అక్కా."

"ఈ పుల్లలు చేసేది నువ్వొక్కదానివే. లోకంలో ఇంకెవరికీ ఇంత తీరికలేదు. నోరు మూసుకుని ఉండు. కొరివితో తల గోక్కోకు."

చిన్నక్క ఇంటికొచ్చింది. వారం రోజులు నోరు మూసుకుంది. ఎనిమిదో రోజు పుల్లలు చేతిసంచిలో పెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది. ఎందుకు వెళ్లావని తర్వాత ఎంతోమంది అడిగారు. జనం కోసమే అని చెప్పేది. అది అబద్ధం కాదు. కానీ ఉన్నమాట చెప్పుకోవాలంటే, తన చేతిలో ఉన్న విద్యను ఒక్కసారైనా ఎవరైనా చూడాలన్న కోరిక కూడా ఆ సంచిలోనే ఉంది. భర్త వేళాకోళం చేశాడు, అక్క తీరిక అంది. మెచ్చుకున్నవాళ్లు లేరు.

మేనేజరు మాత్రం మెచ్చుకున్నాడు. చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. మూడు కొత్త తాళాలు ఆమె పుల్లకు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకున్నాయి.

"ఇవి నువ్వే చేశావామ్మా?"

"అవును సార్."

"భలే పనితనం. ఇంకెవరికైనా చూపించావా?"

"లేదు సార్."

పుల్లలు ఒక్కొక్కటీ తిప్పి చూసి, తన సొరుగులో పెట్టుకున్నాడు. తిరిగిస్తాడనుకుని ఆమె చేయి చాచబోయి, మానుకుంది.

"పిన్నులు ఏరేది ఎవరు?" అన్నాడు, తనకు తెలియనట్టు.

"మా అక్క సార్. కానీ వచ్చేవే రెండు కొలతలు. పైనుంచే అలా..."

అతను మొదటి మాట రాసుకున్నాడు. రెండో మాటకు కలం మూసేశాడు.

సోమవారం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. కొత్త తాళంలో లోపం తనిఖీలో బయటపడిందనీ, పిన్నుల ఎంపికలో నిర్లక్ష్యం వల్లే జరిగిందనీ, బాధ్యురాలిని పనిలోంచి తీసేశామనీ. ఇరవై మూడేళ్ల పని నాలుగు వరుసల్లో అయిపోయింది. పెద్దక్క తన టిఫిను డబ్బా, కళ్లజోడు తీసుకుని, తనిఖీ బల్ల ముందు నుంచే నడిచి వెళ్లింది. చిన్నక్క లేచి నిలబడింది. అక్క ఆగలేదు.

రెండు రోజుల తర్వాత మేనేజరు కబురుపెట్టాడు. "పిన్నుల గది నువ్వు చూసుకో. నీ అంత తెలిసినవాళ్లు ఎవరున్నారు?"

ఒక రోజు గడువడిగి ఇంటికొచ్చింది. భర్త అట్టలకు జిగురు రాస్తూ విన్నాడు. "నువ్వు కాకపోతే ఇంకొకరు కూర్చుంటారు. మీ అక్క అయితే తిరిగి రాదు" అన్నాడు.

మర్నాడు వెళ్లి, మేనేజరు ముందుకు తోసిన కాగితం మీద సంతకం పెట్టింది. పిన్నుల ఎంపిక పూర్తి బాధ్యత తనదేనని అందులో రాసి ఉంది. పిన్నుల గదిలోకి వెళ్లి చూస్తే రెండు డబ్బాలు నిండుగా, నాలుగు ఖాళీగా ఉన్నాయి. మిగతా కొలతలు ఎప్పుడొస్తాయని అడిగింది.

"చూద్దాంలే" అన్నాడు మేనేజరు.

ఆ చూద్దాం ఇంకా చూస్తూనే ఉంది.

మూడు వారాలకు ధైర్యం చేసి అక్క ఇంటికి వెళ్లింది. బావ తలుపు తీశాడు. పెద్దక్క కూర్చోమంది, ఫ్యాను వేసింది, నీళ్లిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదని చిన్నక్కకు అనిపించింది.

"నేను నీ పేరు చెప్పాలని వెళ్లలేదే అక్కా."

"తెలుసు."

"అడిగాడు, చెప్పాను. మిగతాది వినలేదు."

"వినడని నీకు ముందే చెప్పాను. ఎవరి తప్పు ఎవరి దగ్గర చెప్పుకుంటున్నావో కూడా చూసుకోలేదు. సరే, అది తెలియకపోయింది." పెద్దక్క చీర కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. "నా కుర్చీలో కూడా తెలియకే కూర్చున్నావా?"

చిన్నక్క లేచింది. నీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టి, మెట్లు దిగి వచ్చేసింది.

పెద్దక్క ఇప్పుడు ఒక ఆడపిల్లల హాస్టల్లో గేటు దగ్గర కూర్చుంటోంది. అక్కచెల్లెళ్లు పూర్తిగా తెగతెంపులు చేసుకోలేదు. బంధువుల ఇళ్లలో కలుస్తారు, ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుంటారు. కాకపోతే మాట నేరుగా వెళ్లదు. మొన్న తల్లి కళ్ల ఆపరేషనుకు అందరూ ఆసుపత్రిలో చేరినప్పుడు, మూరెడు దూరంలో బల్ల మీద కూర్చున్న అక్కను చూస్తూ చిన్నక్క, "ఈ పూట అమ్మ దగ్గర నేనుంటాను, మీ ఆవిడని వెళ్లి పడుకోమను బావా" అంది.

"అక్కర్లేదని చెప్పండి. తనకి డ్యూటీ ఉంటుంది" అంది పెద్దక్క భర్తతో.

బావ ఇద్దరి ముఖాలూ చూసి, టీ తెస్తానని బయటికి వెళ్లాడు.