ఉప్పెక్కువైన కిమ్చీ

మాన్‌బొక్‌కు బాప్తిస్మం ప్రతి ఈస్టరుకీ వాయిదా పడుతూనే ఉంది. అడ్డుపడేది పాస్టరు కాదు, తనే. "తాగుడు మానేశాకే నీళ్ళలో దిగుతాను" అని అందరి ముందూ బడాయి పోయాడు. కుక్కతోక వంకర తెలిసిందేగా! ఈసారి మాత్రం పేరు ఖాయమైంది, ఆదివారమే ముహూర్తం. తీరా నిన్న రేవులో పాత పడవ మిత్రులు కనిపించారు. వాళ్ళ చేతిలో మక్కొల్లి అనే బియ్యపు కల్లు కెటిలూ కనిపించింది.

దేవుడికి ఏం చెప్పాలి? చెప్పకపోతే మనసు ఊరుకోదు, చెబితే జనం వింటారు. అందుకే తెల్లవారుజామున సంఘ ప్రార్థనకు వచ్చాడు. "ప్రభువా!" అని మూడుసార్లు కేకేసి, అందరూ ఒక్కసారిగా ఎవరి మొర వాళ్ళు అరిచే ప్రార్థన అది. ఆ గోలలో పక్కవాడి పాపం పక్కవాడికి వినపడదు. దొంగకు అంతకంటే మంచి సందడి ఎక్కడ దొరుకుతుంది?

గోల మొదలవగానే చెవి మిషను కీచుమంది. తీసి జేబులో వేసుకుని, కళ్ళు మూసుకుని, గొంతెత్తాడు.

"ప్రభువా! నిన్న మళ్ళీ తాగాను! ఒక్క గిన్నె అనుకున్నా, కెటిల్ అడుగు కనపడింది. చర్చి వంటగదిలోంచి సున్‌రె అక్క ముల్లంగి కిమ్చీ డబ్బా కూడా ఎత్తుకెళ్ళి నంజుకున్నా. అందులో ఉప్పెక్కువ ప్రభువా, అందుకే ఇంకో గిన్నె పట్టింది! ఆవిడకి చెప్పే దమ్ము నాకు లేదు, నువ్వే చెప్పు. నా వల్ల కాదయ్యా. ఆదివారం నా పేరు కొట్టెయ్. కానీ నన్ను మాత్రం వదిలెయ్యకు. నాకింకెవరున్నారు?"

కన్నీళ్ళు తుడుచుకుంటూ కళ్ళు తెరిచాడు. ఒక్కరి పెదవీ కదలడం లేదు. అందరి తలలూ ఇటే తిరిగి ఉన్నాయి. ప్రార్థన ముగించే గంట మీద పాస్టరు చెయ్యి అలాగే ఆగిపోయి ఉంది. ఆ గంట ఎప్పుడు మోగిందో ఆ దేవుడికే తెలియాలి.

మాన్‌బొక్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది. జేబులోంచి మిషను తీసి చెవికి పెట్టుకున్నాడు.

అప్పుడు ముందు వరసలో సున్‌రె లేచింది. సంఘంలో ఆవిడ చూపుకు పాస్టరే కండువా సర్దుకుంటాడు.

"ప్రభువా!" అని బల్ల మీద ఒక్కటిచ్చింది. "కిమ్చీలో ఉప్పెక్కువైంది నిజమే! పక్కింటావిడ చెబితే నెల్లాళ్ళు దానితో మాట్లాడలేదు! నా పొగరు నువ్వే అణచు ప్రభువా! ఏంటర్రా చూస్తారు, మీకేం పాపాల్లేవా? కానివ్వండి!"

గుడి దద్దరిల్లింది. ఈసారి పాస్టరే అందరికంటే గట్టిగా అరిచాడు.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే సున్‌రె ఎదురొచ్చింది.

"ఏమయ్యా మాన్‌బొక్, ఆదివారం బాప్తిస్మానికి వస్తూ నా డబ్బా పట్టుకురా."

"అది ఖాళీ అయిపోయిందక్కా."

"ఖాళీదైతే ఏం? నిండుగా ఉంటే నేనేం పెడతాను అందులో?"

ఆవిడ వెళ్ళిపోయింది. మాన్‌బొక్‌కు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. అటూ ఇటూ చూసి, మొదటిసారిగా గొంతు తగ్గించి అన్నాడు.

"విన్నావుగా ప్రభువా. ఆదివారం వస్తున్నా."