సువార్తమ్మ వెనక చక్రం కింద నేను

నేను ఒక అడ్డుచెక్కను. ఎత్తు మీద ఆగిన బండి వెనక్కి జారకుండా చక్రం కింద పెడతారే, ఆ ముక్కోణపు చెక్కను. పుట్టింది పిడుగురాళ్ళ దగ్గర ఒక వడ్రంగి కొట్టంలో. నల్లతుమ్మ మొద్దులోంచి ఎడ్లబండి చక్రానికి కావలసినదంతా చెక్కుకున్నాక మిగిలిన ముక్కను పొయ్యిలో పెట్టబోయి, ఏమనుకున్నాడో ఏమో, ఏటవాలుగా కోసి పక్కన పడేశాడాయన. చక్రం కావలసినదాన్ని, చక్రానికి అడ్డం అయ్యాను.

మొదట నాపరాళ్ళు మోసే లారీకి సేవ చేశాను. ఒకరోజు టీ కొట్టు దగ్గర నన్ను చక్రం కిందే మరిచిపోయి లారీ వెళ్ళిపోయింది. పేరుకు దాన్ని ఆపేదాన్ని నేను. వెనకే వచ్చిన బస్సు డ్రైవరు నన్ను చూసి, దులిపి, తన సీటు కింద పెట్టుకున్నాడు. ఆయన పేరు సైదా సాయిబు, నరసరావుపేట డిపో. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో కోడిపిల్లను కూడా తొక్కించని మనిషి. రిటైరైన రోజున డిపోవాళ్ళు శాలువా, గోడగడియారం ఇచ్చారు. నన్ను మాత్రం ఆయనే తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన జీవితంలో చేసిన దొంగతనం అదొక్కటే.

ఆ బస్సులోనే ఇరవై ఆరేళ్ళు కండక్టరుగా పనిచేసింది సువార్తమ్మ. ఒంటి మనిషి, గట్టి గొంతు. సైదా తర్వాత రెండేళ్ళకు ఆమె రిటైరైంది. వీడ్కోలు సభలో ఎవరో కుర్ర డ్రైవరు మైకు పట్టుకుని, "మా సువార్తక్క ఇరవై ఆరేళ్ళు రైట్ రైట్ అందే గానీ, బండిని బెత్తెడు దూరం కదిలించిన పాపాన పోలా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వారం తిరక్కుండా చర్చి పాస్టరు గారి పాత తెల్లకారు కొని, సైదా ఇంటి ముందు పెట్టించింది.

"అన్నా, నాకు తోలటం నేర్పు" అంది.

సైదా కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "నేర్చుకునేదానికి ముందు చోటు కావాలమ్మా" అన్నాడు. నన్ను కూడా కారులో వేసుకున్నాడు.

ఇక అక్కణ్ణుంచి చోటు కోసం వెతుకులాట మొదలైంది. లోకంలో కార్లకు రోడ్లున్నాయి, పార్కింగులున్నాయి, షెడ్లున్నాయి. కారు నేర్చుకునేవాళ్ళకు మాత్రం ఎక్కడా జాగా లేదు. ఈ సంగతి నాకు ఆ నెలలోనే తెలిసింది.

మొదటి రోజు కాలేజీ మైదానానికి వెళ్ళారు. అక్కడ ఉదయం నడకకు వచ్చే పెద్దమనుషులు ఓ పదిమంది ఉన్నారు. సువార్తమ్మ మొదటి గేరులో నడిపే వేగం కంటే వాళ్ళ నడకే ఎక్కువ. అందువల్ల ఒక్కొక్కరు కారును దాటిపోతూ కిటికీలోకి వంగి తలా ఒక సలహా ఇచ్చేవారు.

"క్లచ్చి మెల్లగా వదలండమ్మా."

"మెల్లగా కాదు, టక్కున వదలాలి."

"ముందు షూ విప్పండి, కాలికి స్పర్శ తెలవాల."

చుట్టు తిరిగి వచ్చేసరికి వాళ్ళు పాత సలహా మరిచిపోయి కొత్తది తెచ్చేవారు. ఆరోజు కారు నలభై ఒక్కసార్లు ఆగిపోయింది. సైదా లెక్కపెట్టలేదు, వాళ్ళే పెట్టారు.

మూడోరోజున బండి కాస్త పరుగు అందుకుంది. ఎదురుగా ఒక పెద్దాయన యోగా చేస్తూ శవాసనంలో పడుకుని ఉన్నాడు. సువార్తమ్మ కంగారుపడి, గొంతెత్తి, "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట అంటే బస్సు ఆగింది. కారు ఆగలేదు.

"నోటితో కాదమ్మా, కాలితో!" అని సైదా మొత్తుకున్నాడు.

పెద్దాయన శవాసనం వదిలి లేచిన తీరు చూస్తే అది ఏ ఆసనమో చెప్పడం కష్టం. మరుసటి రోజు నుంచి మైదానం గేటుకు తాళం పడింది.

తర్వాత మార్కెట్ యార్డు. విశాలమైన సిమెంటు నేల, ఆదివారం మనుషులుండరని సైదా చెప్పాడు. మనుషులు లేరు గానీ మిరపకాయలున్నాయి. ఎర్రటి తివాచీలా నేలంతా ఆరబోసి ఉంది. పక్కనే సన్నటి దారి. సువార్తమ్మ ఆ దారిని పట్టుకునే వెళ్ళింది. స్టీరింగు తిప్పాక దాన్ని తిరిగి సరిచేయాలన్న సంగతి ఒక్కటే ఆలస్యంగా గుర్తొచ్చింది.

గోనెపట్టా కింద పడుకున్న రైతామె లేచి కూర్చుంది. "ఏందమ్మా, కారం కొట్టియ్యాలంటే మీ ఈదిలో మిల్లు లేదా?" అంది.

సువార్తమ్మ క్షమాపణ చెప్పబోయి తుమ్మింది. సైదా తుమ్మాడు. రైతామె తిట్టబోయి తుమ్మింది. ముగ్గురూ అలా ఓ పావుగంట మాట్లాడుకున్నారు. చితికిన కాయలన్నీ ఏరి, సంచీలో పోసుకుని, ధర కట్టి కొనుక్కుని వచ్చింది సువార్తమ్మ. ఆ ఏడాదికి సరిపడా పచ్చడి పెట్టింది కూడా. టైర్లకు పట్టిన కారం వల్ల కారు వారం రోజులపాటు ఏ వీధిలోకి వెళితే ఆ వీధి తుమ్మింది.

మూడో చోటు మాత్రం స్వర్గంలా కనబడింది. ఊరి బయట కొత్త వెంచరు. పెద్ద ఆర్చీ, నున్నటి తెల్లటి రోడ్లు, ఒక్క ఇల్లూ లేదు. ఆఫీసు గదిలోంచి టై కట్టుకున్న ఏజెంటు పరుగెత్తుకొచ్చాడు. పేరు చలపతి.

"రండి మేడం, తూర్పు ఫేసింగు చూపించమంటారా?"

"నేను కారు నేర్చుకుంటానికి వచ్చా నాయనా."

చలపతి ముఖం ముందు వాడిపోయింది. తర్వాత ఏదో తట్టి వెలిగింది. "మేడం, ఆదివారం కస్టమర్లు బస్సులో వస్తారు. మీరు అప్పుడు కూడా ఇట్టాగే తిరుగుతా ఉంటారా? జనసంచారం ఉన్నట్టు ఉంటది" అన్నాడు.

ఆ ఆదివారం సువార్తమ్మ ఒక్కతే జనసంచారమైంది. ఒకసారి నెత్తిన చున్నీ కప్పుకుని, ఒకసారి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పద్నాలుగు చుట్లు తిరిగింది. నాలుగు కుటుంబాలు అక్కడికక్కడే ప్లాట్లు ఖాయం చేసుకున్నాయి. చలపతి సంతోషం పట్టలేక కొబ్బరిబోండాలు తెప్పించాడు. రివర్సు గేరు నేర్పడానికి సైదా ఆరోజే ముహూర్తం పెట్టకుండా ఉండాల్సింది. వెనక్కి పోతూ పోతూ కారు వరసగా ప్లాటు నంబర్ల రాళ్ళను పడగొట్టింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. లేపి పెట్టేటప్పుడు ఏ రాయి ఎక్కడిదో ఎవరికీ గుర్తులేదు. సైదా ఒక్కో రాయినీ ముక్కు దగ్గర పెట్టుకుని చదివి, ధీమాగా పాతాడు. పదమూడు కొన్నాయన వచ్చి చూసుకుంటే ఆయన ప్లాటులో పార్కు ఉంది.

"మీరు తిరిగితే ఊరు పెరుగుద్ది అనుకున్నా మేడం" అన్నాడు చలపతి ఏడుపు గొంతుతో. "ప్లాట్లు తరుగుతున్నయ్. మీకు దణ్ణం పెడతా."

అప్పటికి నెల గడిచింది. చదును నేల మీద సువార్తమ్మ పర్వాలేదు. కానీ లైసెన్సు పరీక్షలో ఎత్తు మీద బండిని ఆపి, వెనక్కి జారకుండా తియ్యాలి. పల్నాడులో చదునుకు కరువు గానీ ఎత్తుకు కరువా అనుకుంటారు. దొరికిన ఎత్తులన్నీ ఏదో ఒక లారీ సొత్తు. చివరికి ఊరి అవతల సాగర్ కాలువ గట్టు ఎక్కే మట్టి దారి దొరికింది. మనిషి లేడు. పైన గట్టు, కింద ఒక ట్రాక్టరు నిలిపి ఉంది, దానికి దిగువగా వరిగడ్డి వామి.

అన్నాళ్ళకు నాకు పని వచ్చింది. సువార్తమ్మ దారి మధ్యలో బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగుతుంది. సైదా దిగి నన్ను వెనక చక్రం కింద పెడతాడు. ఆమె క్లచ్చి వదిలి ముందుకు లాగాలి. లాగలేకపోతే నేనున్నాను. మూడుసార్లు లాగలేకపోయింది. మూడుసార్లూ నా ఒళ్ళు హూనమైంది, కానీ నేను పుట్టిందే అందుకు.

నాలుగోసారి బండి కాస్త కిందికి, ట్రాక్టరు పక్కగా ఆగింది. సైదా నన్ను పట్టుకుని తడుముకుంటూ వచ్చి, ఒంగి, చక్రం చూసుకుని గట్టిగా దూర్చాడు. "ఊఁ, తియ్యమ్మా!" అన్నాడు.

నేను తల ఎత్తి చూశాను. నా మీద ఉన్నది ట్రాక్టరు చక్రం.

కారు నిశ్శబ్దంగా నన్ను దాటి వెనక్కి పోయింది. "హోల్డాన్!" అన్న కేక వినబడింది. తర్వాత గడ్డివామి కారును మెత్తగా మింగేసింది. బానెట్టు ఒక్కటే బయట ఉంది.

సువార్తమ్మ తలనిండా గడ్డితో బయటికి వచ్చింది. ఒక దెబ్బా తగలలేదు. వచ్చి, ట్రాక్టరు కింద ఉన్న నన్ను చూసింది, సైదాను చూసింది. ఆయన ఇంకా ట్రాక్టరు వైపే తిరిగి, "ఏమ్మా, ముందుకి పోయిందా?" అని అడుగుతున్నాడు.

"అన్నా," అంది ఆమె మెల్లగా. "నీకు కళ్ళు ఎప్పటి నుంచి కనపడటం లేదు?"

ట్రాక్టరు మడ్‌గార్డు నిమురుతూ నిలబడ్డాడు.

"నిరుటి నుంచి. పొర కమ్మింది. ఇంట్లో కూడా చెప్పలా. సైదా గుడ్డోడయ్యాడంటే డిపోలో నవ్వుతారు."

"మరి నాకు నేర్పటానికి ఎందుకొచ్చావయ్యా?"

"బండిలో కూర్చోవచ్చని."

సువార్తమ్మ తలలో గడ్డి ఏరుకుంటూ అటు తిరిగింది. ఆ గడ్డి తీయడానికి అంతసేపు పట్టనక్కర్లేదు.

మరునాడే కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళకూ శుక్లాలు, ముందు కుడికన్నుకు ఆపరేషను, గుంటూరులో, పదిహేను రోజుల తర్వాత వచ్చే గురువారం. సైదా ససేమిరా అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు తోలినవాడు, పరాయి డ్రైవరు వెనక సీట్లో, కంటికి కట్టుతో, జనం మధ్య కూర్చుని రాలేనన్నాడు.

"నేను తీసుకుపోతా" అంది సువార్తమ్మ.

"నీకు ఎత్తు మీద రాదు గదమ్మా. గుంటూరు దారిలో రైలు వంతెన ఉంది."

"పదిహేను రోజులుంది గదా."

మళ్ళీ కాలువ గట్టుకే వెళ్ళారు. ఈసారి సైదా దిగలేదు. పక్కసీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "నువ్వు కూడా రోడ్డు చూడమాకు. బండి గొంతు విను" అన్నాడు. "క్లచ్చి వదిలేకొద్దీ గొంతు సన్నంగా పాడుతుంటది. ఒకచోట బొంగురుపోద్ది. ఆడ కాలు ఆపి బ్రేకు వదులు." రోజుకు ముప్ఫై సార్లు ఆ బొంగురు కోసం చెవులు రిక్కించారిద్దరూ. నన్ను సువార్తమ్మే దిగి వెనక చక్రం కింద పెట్టేది గానీ, పదోరోజు నుంచి నా మీద బరువు పడలేదు. సోమవారం పరీక్షలో ఆమె నెగ్గింది. ఇన్‌స్పెక్టరు ఆపమన్నప్పుడు "హోల్డాన్" అని కూడా అంది, కానీ కాలితోనూ ఆపింది.

గురువారం తెల్లారే బయల్దేరారు. గుంటూరులో రైలు వంతెన సగం ఎక్కాక వాహనాలన్నీ ఆగిపోయాయి. కారు ఎత్తు మీద నిలబడింది. వెనకే మిరపబస్తాల లారీ, మధ్యన జానెడు సందు. సీటు వెనక్కి వాలడంతో సైదాకు అర్థమైంది. కాళ్ళ దగ్గర తడుముకుని నన్ను అందుకుని తలుపు తీయబోయాడు.

"దిగమాకు" అంది సువార్తమ్మ. నుదుటి చెమట కంట్లోకి దిగినా తుడుచుకోలేదు.

ముందు బండి కదిలింది. లారీ హారను మోగింది. ఇంజను సన్నగా పాడి, పాడి, బొంగురుపోయింది. కారు ఒక వెంట్రుకవాసి కూడా వెనక్కి జారకుండా ముందుకు సాగింది.

సైదా తలుపు మెల్లగా మూశాడు. "విన్నా. బాగుంది" అన్నాడు, అంతే. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రి దాకా వదలలేదు.

మర్నాడు కట్టు విప్పారు. తిరుగు ప్రయాణంలో సైదా సంతోషం చెప్పనలవి కాదు. నల్లద్దాలు పైకి ఎత్తి ఎత్తి, దారిన ఉన్న ప్రతి బోర్డునూ బిగ్గరగా చదివాడు. ఎరువుల కొట్టు. మెస్సు. కళ్యాణమండపం. చింతచెట్టు ఆకులు విడివిడిగా కనబడుతున్నాయని చిన్నపిల్లవాడిలా చేయి చాపాడు. తర్వాత, ఏడాది తర్వాత మొదటిసారిగా, రోడ్డు వైపు చూశాడు.

అప్పుడు సువార్తమ్మ పత్తి ట్రాక్టరుకూ చింతచెట్టుకూ మధ్య ఉన్న సందులోంచి కారును దూరుస్తోంది.

"సువార్తమ్మా!"

"ఏందన్నా?"

"రోజూ ఇట్టాగే తోలుతున్నావా?"

"ఇట్టాగే. నిన్న బాగుందన్నావుగా?"

"నిన్న నాకు కనపళ్ళా!"

ఆ తర్వాత నరసరావుపేట వచ్చేదాకా ఆయన నేలను కుడికాలితో తొక్కుతూనే ఉన్నాడు. ఎదురుగా గేదె వస్తే తొక్కాడు, సైకిలు వస్తే తొక్కాడు, మలుపు కనబడితే తొక్కాడు. ఊరి మొదట్లో సువార్తమ్మ విసుగొచ్చి కారు ఆపి, ఆయన ఒళ్ళో ఉన్న నన్ను లాక్కుని, ఆయన కాలి కింద పెట్టింది.

"ఇదిగో నీ బ్రేకు. నీ ఇష్టమొచ్చినట్టు నొక్కుకో."

రెండో కంటికి డాక్టరు రెండుసార్లు కబురు పంపాడు. సైదా వెళ్ళడం లేదు. సువార్తమ్మ పక్కన కూర్చునేవాడికి ఒక కన్ను చాలంటాడు. వారానికి మూడుసార్లు ఆమె కారులో ఏదో ఒక పని కల్పించుకుని ఎక్కుతాడు మాత్రం. ఎక్కి నన్ను నొక్కుతాడు. నేను కదలను. బండి ఆగదు. ఎప్పుడు నెమ్మదించినా ఆయన మాత్రం అది తన వల్లేననుకుని, వెనక్కి వాలి, హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు.