ఏమవుతారు?

అనార్‌కుల్ బురుల్‌ను ఎడమపక్కకు ఒత్తిగిలించి, వీపుకు కర్పూరం స్పిరిట్ రాస్తోంది. బురుల్‌కు ఎనభై దగ్గరపడ్డాయి. వీపంతా ఎముకలే. అనార్‌కుల్‌వి లావు మణికట్లు, బ్లీచింగ్ నీళ్లకు పగిలిన వేళ్లు. బిష్కెక్ శివార్లలోని ఈ వృద్ధాశ్రమంలో పదకొండేళ్లుగా ఆయా. ఎత్తడం, తుడవడం, పక్క మార్చడం. మూడేళ్లుగా బురుల్ ఒంటిమీద తన చెయ్యి పడని చోటు లేదు. అయినా తను చెంచా పెడితే ఆ నోరు తెరుచుకోదు.

సుయుమ్‌కన్ పెడితే తెరుచుకుంటుంది. అదే మంట.

సుయుమ్‌కన్ ట్రాలీబస్సు నడిపి రిటైరైన మనిషి. కురచ జుట్టు, మగవాళ్ల కోటు. రోజూ రెండింటికి ఫ్లాస్కులో నూడుల్స్ చారు తెస్తుంది. వరండాలో ఆ బూట్ల చప్పుడు వినగానే బురుల్ తల తలుపువైపు తిరుగుతుంది. అనార్‌కుల్ మొగుడు పోయేముందు నెలరోజులు అమ్మా అమ్మా అన్నాడు గాని, పక్కన నిలబడి ఒళ్లు తుడిచే పెళ్లాన్ని ఒక్కసారి చూడలేదు.

వచ్చినవాళ్లు పుస్తకంలో రాయాలి. ‘ఏమవుతారు’ అని ఒక గడి. సుయుమ్‌కన్ అందులో ‘స్నేహితురాలు’ అని రాస్తుంది. బంధువులు ఎంతసేపైనా ఉండొచ్చు, పైవాళ్లు నాలుగింటికి లేవాలి. మూడేళ్లలో ముఖం చూపని బురుల్ మేనల్లుడు బంధువు. రోజూ వచ్చే మనిషి పైమనిషి. ఈ రూలు రాసిన పెద్దమనుషులు ఎవరి ఒళ్లో పోతారో చూడాలి. నాలుగు కొట్టగానే లేపే పని మాత్రం అనార్‌కుల్ ఇష్టంగానే చేసేది.

ఆ ఉదయం డాక్టరమ్మ నాడి చూసి, సాయంత్రం దాటదంది. మేనల్లుడికి ఫోన్ చేస్తే, “నాకు కుదరదు, మీరే కానిచ్చేయండి” అన్నాడు.

“ఇవాళ్టితో నీ సవతి పోరు వదులుతుందిలే,” అంది వంటామె.

“నీ గంజి మాడుతోంది, అది చూసుకో.”

రెండింటికి సుయుమ్‌కన్ వచ్చింది. చారు బురుల్ గొంతు దిగలేదు. పెదవులు తడిపి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. నాలుగైంది.

“లేవండి అక్కా. టైమైంది.”

“ఇవాళ కూడానా?”

“రూలుకు ఇవాళా రేపూ ఉండవు.”

సుయుమ్‌కన్ కదల్లేదు. “ముప్పైఒక్క ఏళ్లు ఒకే పరుపు మీద పడుకున్నాం. ఆ ముక్క ఏ గడిలో రాస్తావో రాసుకో. పోలీసుల్ని పిలుస్తావా, పిలు.”

ఆశ్రమంలో అందరికీ తెలిసిన మాటే. ఎవరూ పైకి అనని మాట.

“నేనూ పడుకున్నా, ఇరవై రెండేళ్లు,” అంది అనార్‌కుల్. “నేనొస్తుంటే తలుపువైపు చూసినవాడు లేడు.”

తలుపు దగ్గరగా వేసి, వరండాలోకి పోయి, తుడిచిన చోటే మళ్లీ తుడవసాగింది. హెడ్‌నర్సు వచ్చింది.

“లోపలెవరు?”

“వాళ్లింటి మనిషి.”

“మేనల్లుడొచ్చాడా?”

“మనిషన్నాను గదమ్మా. తడిగా ఉంది, తొక్కకండి.”

ఆమె గొణుక్కుంటూ వెనక్కి మళ్లింది. లోపల సుయుమ్‌కన్ మెల్లగా ఏవో పేర్లు చెబుతోంది. విశ్వవిద్యాలయం, సర్కస్, పోస్టాఫీసు. ట్రాలీబస్సు స్టాపులు. బురుల్ ఆ బస్సులో ముందు సీటులో కూర్చుని వెళ్లేదేమో. తనకెవరూ ఏ స్టాపూ చెప్పలేదు. అనార్‌కుల్ తుడుపుకర్ర బలంగా నేలకు రుద్దింది. బజారు దగ్గర పేర్లు ఆగిపోయాయి. తర్వాతి స్టాపు రాలేదు.

మర్నాడు శవానికి స్నానం చేయించడానికి మసీదు నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు.

“నీళ్లు పోయడానికి సొంతవాళ్లెవరు?”

మూడేళ్లు కడిగిన చేతులు అనార్‌కుల్‌వి. చెంబు అందుకోబోయింది. ఆగి, దాన్ని సుయుమ్‌కన్ చేతిలో పెట్టింది.

“ఈవిడే.”

తను పాదాల దగ్గర నిలబడింది.

కడిగినవాళ్లకు పోయినామె బట్టలు పంచడం ఆనవాయితీ. సుయుమ్‌కన్ అనార్‌కుల్‌కు ఒక ఊలు స్వెట్టరిచ్చింది. మగవాళ్లు శవాన్ని తీసుకెళ్లాక, ఒక్కతే గేటు దాటి వెళ్లిపోయింది.

ఆయాల గదిలో మేకుకు ఆ స్వెట్టర్ వేలాడుతోంది. మోచేతుల దగ్గర డ్రైవర్ల యూనిఫాం నీలం గుడ్డతో రెండు అతుకులు, సూది పట్టడం రాని చెయ్యి వేసిన పెద్దపెద్ద వంకర కుట్లు.